పాస్టర్‌ను నిలబెట్టినవాళ్ళు: రికార్డుల్లో పేరు లేని సంఘ పెద్దల చరిత్ర

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక చేసుకుని చదవండి.

మన గ్రూపులో కొమురం భీం మీద, రంప పితూరీ మీద, 1/70 మీద మంచి మంచి పోస్టులు వచ్చాయి. ఈసారి ఎవరూ పెద్దగా రాయని విషయం ఒకటి రాస్తున్నాం. మన గూడేల్లో చాలాచోట్ల ఒక చర్చి ఉంది, దానికి ఒక పాస్టర్ గారు ఉన్నారు. ఆ పాస్టర్ గారి వెనకాల ఎవరున్నారు? ఇవ్వాళ ఎవరున్నారు, వంద నూట యాభై ఏళ్ళ కింద ఎవరున్నారు? ఇదే మా ప్రశ్న.

ముందే ఒక మాట. ఈ గ్రూపులో చర్చికి పోయేవాళ్ళున్నారు, ఇలవేల్పుల్ని కొలిచేవాళ్ళున్నారు, రెండు పండగలకూ ఇంట్లో కోడి కోసేవాళ్ళూ ఉన్నారు. ఎవర్నీ ఎటూ లాగడానికి రాసింది కాదిది. ఊరి పని చేసే ఒక మనిషిని ఊరు ఎట్లా మోస్తుంది అన్నదే ఇందులో ఉన్న విషయం. అది వడ్డెకైనా ఒకటే, పాస్టర్‌కైనా ఒకటే. గట్టు కథ చెప్పే డోలి వాళ్ళకి మన తాతలు గింజలు కొలిచి ఇచ్చారు. పండగ వస్తే పూజారికి ఇంటింటి నుంచీ పోగు చేసి ఇచ్చారు. కాబట్టి పని చేసేవాడికి తిండి పెట్టడం మనకి ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు.

ఇప్పుడు ఎట్లా ఉంది

మేం హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెలవులకి ఇంటికి పోయినప్పుడు మాకు కనపడేది చెప్తాం. ఒక పాస్టర్ గారు, నాలుగైదు గూడేలు. ఆదివారం పొద్దున ఒక గూడెంలో ఆరాధన, మధ్యాహ్నం వాగు దాటి ఇంకో గూడెంలో, చీకటి పడ్డాక మరో ఇంట్లో ప్రార్థన కూడిక. వానాకాలం వాగు పొంగితే అటువైపు రెండు వారాలు పోలేడు. ఎవరికి జ్వరం వచ్చినా ఆయన్నే పిలుస్తారు. మొగుడూ పెళ్ళాం కొట్టుకున్నా ఆయనే రావాలి. ఆధార్‌లో పేరు తప్పు పడితే మండలాఫీసుకు ఆయన బండి మీదే పోవాలి. వచ్చే కానుక పెట్రోలుకే సరిపోదు. పాస్టరమ్మ కూలికి పోతుంది, ఆదివారం మళ్ళీ ఆవిడే పాట ఎత్తుకోవాలి.

సంఘ పెద్దలు ఏం చేస్తున్నారంటే, కొన్నిచోట్ల అంతా ఆయన మీదే వదిలేశారు. కొన్నిచోట్ల ఆయన నెత్తిన కూర్చున్నారు. రెండింటికీ చివర్న ఒకటే జరుగుతుంది. ఆయన అలిసిపోయి వెళ్ళిపోతాడు, మందిరానికి తాళం పడుతుంది. అట్లాంటి తాళాలు మన ఏజెన్సీలో మనం చూడనివేం కావు. తాళం పడ్డ చోట పోయేది ప్రార్థన ఒక్కటే అనుకోవద్దు. అక్కడ రాత్రిళ్ళు చదువుకునే పిల్లలు, వారానికొకసారి కూర్చుని కష్టసుఖం మాట్లాడుకునే ఆడవాళ్ళు, చావుకి పెళ్ళికి నలుగురు పోగయ్యే అలవాటు, అన్నీ పోతాయి.

మరి ఎప్పుడూ ఇట్లాగే ఉండేదా? లేదు. చరిత్ర చూస్తే వేరే సంగతి కనపడుతుంది.

ఈ గొడవ బైబిలు కాలం నాటిది

బైబిల్లో నిర్గమకాండం 18వ అధ్యాయంలో ఒక సంగతి ఉంది. మోషే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగాదాలు తీరుస్తుంటాడు. జనం వరసలో నిలబడే ఉంటారు. మామ యిత్రో వచ్చి చూసి, ఇట్లా చేస్తే నువ్వూ అలిసిపోతావు, జనమూ అలిసిపోతారు అని చెప్తాడు. వెయ్యి మందికి, వందమందికి, యాభై మందికి, పదిమందికి ఒక్కొక్క నమ్మకస్తుణ్ణి పెట్టమంటాడు. యిత్రో ఇశ్రాయేలీయుడు కాదు, మిద్యాను దేశపు యాజకుడు. బయట నుంచి వచ్చిన పెద్దమనిషి మాట మోషే విన్నాడు. మన కులపంచాయితీ తెలిసినవాళ్ళకి ఈ లెక్క కొత్తగా ఉండదు. పదిళ్ళ తగాదా పదిళ్ళ పెద్దే తీరుస్తాడు, తీరనిదే పటేలు దాకా పోతుంది.

రెండోది అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేములో మొదటి సంఘం రోజూ విధవరాండ్రకి అన్నం పంచేది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి సరిగ్గా అందడం లేదని గొణుగుడు లేచింది. భాష వేరైనవాళ్ళకి వాటా తగ్గడం అప్పుడూ ఉందన్నమాట. అపొస్తలులు ఫిర్యాదు చేసినవాళ్ళని తిట్టలేదు, మేమే చూసుకుంటాంలే అనీ అనలేదు. మంచిపేరున్న ఏడుగుర్ని మీలోంచి ఎంచుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఈ ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఎవరి వైపు నుంచి ఫిర్యాదు వచ్చిందో వాళ్ళ మనుషుల చేతికే గరిటె ఇచ్చారని అర్థం చేసుకోవచ్చు. బోధించేవాళ్ళు బోధ చూసుకున్నారు, పంచేవాళ్ళు పంపకం చూసుకున్నారు.

సంఘ పెద్దలు అనే మాటకి పునాది ఇక్కడ ఉంది. పాస్టర్‌కి సాయం చేయడం అంటే ఆయనకి దండ వేయడం కాదు. ఆయన నెత్తి మీది బరువులో మనం మోయగలిగింది దించుకోవడం.

దుమ్ముగూడెం: ఆనకట్ట దగ్గర మొదలైన సంఘం

ఇక మన దగ్గరికి వద్దాం. భద్రాచలం పైన, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం మనలో చాలామందికి తెలిసిందే. పర్ణశాల పోయేదారిలో పాత ఆనకట్ట, పాత లాకులు ఇప్పటికీ ఉన్నాయి. గోదావరి మీద పడవలు పైదాకా నడపాలని ఆర్థర్ కాటన్ కాలంలో సర్కారు పెద్ద పథకం వేసింది. నదిలో రాళ్ళు అడ్డుపడే చోట్లలో మొదటిది దుమ్ముగూడెం దగ్గరే. ఆ పనులు చూసిన ఇంజనీరు ఎఫ్.టి. హేగ్. అప్పటికి కెప్టెన్, తర్వాత జనరల్ అయ్యాడు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే హేగ్ పాస్టర్ కాదు. రాళ్ళు, సున్నం, కూలీల లెక్క చూసుకునే సైన్యపు ఇంజనీరు. చుట్టూ ఉన్న కోయ గూడేలు చూసి, ఇక్కడ ఒక పని మొదలుపెట్టాలని 1860 ప్రాంతంలో పట్టుబట్టింది ఈయనే. పనుల దగ్గర కొలువు చేసే తనవాళ్ళని కూడగట్టి ప్రార్థన పెట్టేవాడు. అట్లా వచ్చినవాళ్ళలో ఒకాయన వెంకటరామరాజు. ఆయనదీ సర్కారు కొలువే. క్రైస్తవుడయ్యి, కొలువు వదులుకుని, కోయల మధ్య బోధ చేసే పనికి దిగాడు. గురువుగా అభిషేకం తర్వాతి సంగతి. అంతకు ముందు చాలాకాలం ఆయన మామూలు విశ్వాసిగానే ఆ పని మోశాడు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున జాన్ కెయిన్ లాంటివాళ్ళు వచ్చి దుమ్ముగూడెంలో స్థిరపడింది కూడా తర్వాతే. కోయల ఆచారాల మీద, ఊళ్ళ మీద కెయిన్ 1870ల్లో ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికకి వ్యాసాలు రాశాడు. మన గురించి పరిశోధన చేసేవాళ్ళు ఇప్పటికీ వాటిని చూస్తారు.

పడవల పథకం ఏమైంది? ఖర్చు పెరిగి, 1870ల మొదట్లో సర్కారు చేతులెత్తేసింది. ఇంజనీర్లు వెళ్ళిపోయారు, కూలీలు చెదిరిపోయారు. సంఘం మాత్రం వెళ్ళిపోలేదు. పైనుంచి వచ్చిన డబ్బుతో నడిచింది ఆగిపోయింది, ఉన్న ఊళ్ళో మనుషులు పట్టుకున్నది నిలిచింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుకు పోయాక మళ్ళీ అవసరం పడుతుంది.

అయితే ఇందులో మనకి గుచ్చుకునే సంగతి కూడా ఉంది. హేగ్ పేరు ఉంది, రాజు పేరు ఉంది, కెయిన్ పేరు ఉంది. వాళ్ళని పడవ మీద దాటించిన కోయవాడి పేరు మనం చదివినచోట్ల కనపడలేదు. వాన కురిసే రాత్రి ఇంట్లో చోటిచ్చి జావ పోసిన అవ్వ పేరూ కనపడలేదు. దారి చూపించినవాళ్ళు, మాట మార్చి చెప్పినవాళ్ళు, మందిరానికి కర్రలు కొట్టి తెచ్చినవాళ్ళు లేకుండా అడవిలో ఎవరైనా ఒక్కరోజు నిలబడగలరా?

ఒంగోలు: ఒక్కరోజు 2,222 మంది, మరి తెల్లారితే?

దుమ్ముగూడెం పని నడుస్తున్న కాలంలోనే కింద కోస్తాలో ఇంకో కథ నడుస్తోంది. అది ఆదివాసీల కథ కాదు, మాదిగల కథ. కానీ మనం నేర్చుకోవాల్సింది అందులో చాలా ఉంది.

ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగాయన. ఊళ్ళు తిరిగే పని కాబట్టి నలుగురి మాటా విన్నాడు, గురువుల దగ్గర యోగం కూడా నేర్చుకున్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఎవరూ జీతం ఇవ్వలేదు, పదవి ఇవ్వలేదు. తన తోళ్ళ బేరానికి పోయిన ఊళ్ళలోనే, తన చుట్టాలకే, తనకి తెలిసింది చెప్పుకుంటూ పోయాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చింది ఆ ఏడాదే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు అందులో ఎనిమిది మంది సభ్యులు. అదే నెలలో క్లౌ పేరయ్య వాళ్ళ ఊరివైపు పోతే, అక్కడ 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. దొర పోకముందే పేరయ్య పని చేసి పెట్టాడన్నమాట.

తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవ పనిలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. ఆయన దగ్గరి బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చూశారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆ కరువు రోజుల్లో ఏడాది పైన బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలోకి దిగి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని.

అందరూ ఆ 2,222 అంకె దగ్గరే ఆగిపోతారు. మేం తెల్లారిన సంగతి అడుగుతున్నాం. ఇన్ని వేలమందీ ఒక్కచోట లేరు, వందల పల్లెల్లో చెదిరి ఉన్నారు. చదువు లేదు, కూలి బతుకులు, పెద్దకులాలవాళ్ళ ఒత్తిడి. బోధకులు ఎంతమంది ఉంటారు? ప్రతి పల్లెకీ ఒకరు ఎట్లా వస్తారు? అక్కడ పనికొచ్చింది ఊళ్ళో ముందునుంచీ ఉన్న పెద్దరికమే. మాదిగపల్లెలో పెద్దలు ఎప్పుడూ ఉన్నారు, పంచాయితీ ఉంది. వాళ్ళే సాయంత్రం జనాన్ని కూడేశారు, తగాదాలు తీర్చారు, బోధకుడు వస్తే ఇంట్లో కూడు పెట్టారు. బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలులో పోగై, ఏ ఊళ్ళో ఏం జరుగుతుందో చెప్పుకునేవాళ్ళు. ఊరి పెద్ద బోధకుడికి చెప్తాడు, బోధకుడు ఒంగోలులో చెప్తాడు. యిత్రో చెప్పిన లెక్క గుండ్లకమ్మ ఒడ్డున మళ్ళీ నడిచింది.

దోర్నకల్: ఒక గురువుకి ఎనిమిది మంది

ఇప్పుడు మళ్ళీ మన వైపు రండి. విజయవాడ నుంచి వరంగల్ పోయే రైలెక్కితే మధ్యలో దోర్నకల్ జంక్షన్ వస్తుంది. చుట్టూ లంబాడా తండాలు, కోయ గూడేలు. ఇక్కడికి మొదట మనుషుల్ని పంపింది లండన్ వాళ్ళు కాదు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు సొంతంగా ఒక మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. తమ డబ్బు, తమ మనుషులు. ఆ కానుకలతోనే నిజాం రాజ్యంలో ఉన్న దోర్నకల్‌కి పనివాళ్ళు వచ్చారు. భాష రాని ఊరికి, ఎప్పుడూ చూడని జనం కోసం, తమిళ పల్లెల్లోని మామూలు సంఘస్తులు డబ్బు పోగేసి పంపారు.

ఆ సొసైటీ పెట్టడంలో ముందున్నవాడు వి.ఎస్. అజరయ్య. 1874లో పుట్టాడు. చాలా ఏళ్ళు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేశాడు, అంటే ఆయన కూడా అభిషేకం లేని మామూలు విశ్వాసే. 1909లో అభిషేకం తీసుకుని దోర్నకల్ వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో దొరలందరి ముందు నిలబడి, మీరు చాలా ఇచ్చారు, మాకు కావాల్సింది స్నేహం అని అర్థం వచ్చేటట్టు మాట్లాడింది ఈయనే. ఆ మాట మన సంఘ పెద్దలకీ పాస్టర్లకీ మధ్య కూడా పనికొస్తుంది. యజమాని-జీతగాడు లెక్క వేరు, స్నేహితుల లెక్క వేరు.

1930ల మధ్యకి వచ్చేసరికి దోర్నకల్ డయాసిస్‌లో సుమారు 250 మంది భారతీయ గురువులు, 2,000కి పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కో గురువుకి ఎనిమిది మంది ఉపాధ్యాయులు. వీళ్ళు పగలు పిల్లలకి అఆలు చెప్పేవాళ్ళు, రాత్రి పెద్దవాళ్ళకి ప్రార్థన నడిపేవాళ్ళు. గురువు నెలకోసారి వచ్చినా సంఘం ఆగలేదంటే వీళ్ళ వల్లే. దోర్నకల్‌లో శిక్షణకి వచ్చిన మగవాళ్ళతో పాటు భార్యలకీ శిక్షణ ఉండేది. పాస్టరమ్మ పనిని పనిగా లెక్కేశారు. ఇప్పుడు మనం ఆ లెక్క మర్చిపోయాం.

అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే చనిపోయాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, దోర్నకల్ అందులో కలిసింది. ఆ సంఘ నియమాల్లో పాస్టరేట్ కమిటీ నుంచి సినడ్ దాకా అభిషేకం లేని సభ్యులకీ చోటుంది. కాబట్టి కమిటీలో కూర్చోవడం ఎవరో దయతో ఇచ్చింది కాదు, హక్కే. అయితే ఆ హక్కు చందా పుస్తకం దాచుకోవడానికి కాదు, బరువు మోయడానికి వచ్చింది.

మిజో కొండలు: పిడికెడు బియ్యం

చివరి కథ దూరంది, కానీ మనకి అన్నిటికన్నా దగ్గరిది. ఎందుకంటే మిజోలు మనలాగే ఆదివాసీలు, మనలాగే కొండ నరికి పోడు చేసుకున్నవాళ్ళు.

1894 జనవరిలో లోరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు అక్కడికి చేరారు. మిజో భాషకి లిపి కట్టారు. తర్వాత వేల్స్ మిషన్ వాళ్ళు వచ్చారు. 1899లో ఖుమా, ఖారా అనే ఇద్దరు మిజోలు మొదట బాప్తిస్మం తీసుకున్నారు. 1913లో చువాఖామా మొదటి మిజో పాస్టర్ అయ్యాడు. మధ్యలో 1910లో జరిగింది మనకి కావాల్సిన సంగతి.

ఐజాల్‌లోని మిషన్ వెంగ్ అనే పేటలో ఆడవాళ్ళు ఒక అలవాటు మొదలుపెట్టారు. పూట పూటకీ అన్నం వండేటప్పుడు, ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేయడం. దాన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు, అంటే పిడికెడు బియ్యం. సంఘంలోని ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగు చేసి, అమ్మి, ఆ డబ్బు సంఘం పనికి, పనివాళ్ళకి ఇస్తారు. ఆ రోజుల్లో వాళ్ళ చేతుల్లో డబ్బు లేదు. బియ్యం మాత్రం ఉంది. లేనిది ఇవ్వమని ఎవరూ అడగలేదు, ఉన్నదాంట్లోంచే తీశారు. ఆ పిడికిళ్ళన్నీ కలిసి ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలు అవుతున్నాయి. నూరేళ్ళు దాటినా అలవాటు ఆగలేదు. మన తెలుగు సంఘాల్లో కూడా చాలాచోట్ల పిడికెడు బియ్యం పెట్టే అలవాటు ఉంది. మీ ఇంట్లో అమ్మమ్మని అడగండి, బియ్యం డబ్బా పక్కన చిన్న డబ్బా గుర్తుందేమో.

ఇంకోటి. మిజో ప్రెస్బిటేరియన్ సంఘంలో ఒక పాస్టర్ కింద చాలా ఊళ్ళ సంఘాలు ఉంటాయి, అచ్చం మన ఏజెన్సీ లెక్కే. కానీ అక్కడ ఆదివారం పాస్టర్ రాలేదని ఆరాధన ఆగదు. సంఘం ఎన్నుకున్న పెద్దలు ఉంటారు, వాళ్ళని ఉపా అంటారు. వాళ్ళే ఆరాధన నడుపుతారు, వాక్యం చెప్తారు. రోగుల్ని చూస్తారు, లెక్కలు చూస్తారు.

దీని బలం ఎప్పుడు తెలిసిందంటే 1966లో. మిజో కొండల్లో తిరుగుబాటు లేచింది, సైన్యం దిగింది. 1967 నుంచి ఊళ్ళకి ఊళ్ళనే ఖాళీ చేయించి రోడ్డు పక్కన గుంపు గ్రామాల్లో పెట్టారు. 1960ల చివరికి విదేశీ మిషనరీలు వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఇల్లు పోయింది, పొలం పోయింది, దొరలు పోయారు. సంఘం పోలేదు. ఎందుకంటే అది దొరల చేతిలో లేదు, ఉపాల చేతిలో, బియ్యం కుండ పెట్టిన తల్లుల చేతిలో ఉంది. దుమ్ముగూడెం దగ్గర గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే.

ఇవన్నీ కలిపి చూస్తే

ఎక్కడెక్కడివో ఈ కథల్లో పాస్టర్‌కి దొరికిన సాయం చూస్తే మాకు నాలుగు సంగతులు కనపడ్డాయి.

ఒకటి, పని పంచుకున్నారు. పాస్టర్ మాత్రమే చేయాల్సినవి కొన్నే ఉంటాయి. మిగతావన్నీ ఇంకొకరు చేయొచ్చు. పేరయ్య ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. మన దగ్గర ఆధార్ తప్పు సరిదిద్దడానికి, ఆసుపత్రికి తోడు పోవడానికి పాస్టరే ఎందుకు పోవాలి? డిగ్రీ చదివే మనం ఎందుకున్నాం?

రెండు, తిండి పెట్టారు, అదీ సొంత చేత్తో. ఎక్కడి నుంచో నిధులు వస్తాయని చూసిన చోట నిధులు ఆగగానే పని ఆగింది. మన గూడెంలో వంద రూపాయలు తీయడం కష్టమే. వడ్లో జొన్నలో, ఇప్పపూల కాలంలో ఇప్పపువ్వో, చింతపండో ఇవ్వడం మనకి తెలిసిన పద్ధతే. కోత పండక్కి గుమ్మడికాయ తెచ్చి వేలం పాడేది కూడా ఈ లెక్కలోదే.

మూడు, లెక్క చూశారు. గ్రీకు విధవరాండ్ర గొడవ లెక్క గొడవే. లెక్క పాస్టర్ ఒక్కడి జేబులో ఉంటే రేపు నింద ఆయన మీదే పడుతుంది. ఒక పెద్ద ఒక్కడి జేబులో ఉన్నా అంతే. ఇద్దరు ముగ్గురు కలిసి రాసి, నెలకోసారి అందరి ముందు చదివితే పాస్టర్‌కి అంతకన్నా పెద్ద రక్షణ లేదు. తప్పు కనపడితే మొహాన చెప్పడం కూడా సాయమే. వెనకాల గొణగడం సాయం కాదు.

నాలుగు, భాష మోశారు. ఇది మనకి మరీ ముఖ్యం. పాస్టర్ గారు తెలుగులో చెప్తారు. వెనక వరసలో కూర్చున్న మన అవ్వలకి సగమే ఎక్కుతుంది. కోయలోనో, గోండీలోనో, కొండ భాషలోనో దాన్ని చెప్పగలిగేవాళ్ళం మనమే. ఆ ఏడుగురిని ఎంచుకున్నది కూడా భాష వేరైనవాళ్ళకి వాటా అందాలనే.

ఇట్లా చేస్తే పాస్టర్ పెత్తనం తగ్గుతుందని కొందరంటారు. పెద్దల పెత్తనం పెరుగుతుందని ఇంకొందరు. రెండు భయాలూ ఉత్తవి కావు. అందుకే మోసేవాళ్ళు ఒకరిద్దరు కాకూడదు. ఉపాల్ని సంఘమే ఎన్నుకుంటుంది, ఏడుగురినీ జనమే ఎంచుకున్నారు. పది మంది పంచుకుంటే పెత్తనం ఎవరి దగ్గరా గడ్డకట్టదు.

ఒక పని

మేం ఈ పోస్టు కోసం చదువుతూ పోయిన కొద్దీ ఒకటే బాధ కలిగింది. బిషప్పుల పేర్లున్నాయి, దొరల పేర్లున్నాయి, బాప్తిస్మాల అంకెలున్నాయి. పిడికెడు బియ్యం తీసిన తల్లుల పేర్లు లేవు. ఎనిమిది మంది పల్లె ఉపాధ్యాయుల్లో ఏడుగురి పేర్లు ఎవరికీ తెలియవు. మన గూడేల్లో మొదటి మందిరానికి తాటాకు కప్పినవాళ్ళు, పాస్టర్ గారికి మొదటి రాత్రి చోటిచ్చినవాళ్ళు ఎవరో ఇంకా కొందరు ముసలివాళ్ళకి గుర్తుంది. పదేళ్ళు పోతే ఆ గుర్తు కూడా ఉండదు.

అందుకని ఈ సెలవులకి ఇళ్ళకి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుపోదాం. చర్చికి పోయేవాళ్ళయినా పోనివాళ్ళయినా పర్లేదు, అది మన ఊరి చరిత్రే. తాతనో అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి: మన గూడెంలో మందిరం ఎప్పుడు కట్టారు, కర్ర ఎవరు తెచ్చారు, పాస్టర్ గారికి అన్నం ఎవరింట్లో పెట్టేవాళ్ళు, లెక్క ఎవరు రాసేవాళ్ళు, ఆయన రాని ఆదివారం పాట ఎవరు ఎత్తుకునేవాళ్ళు. వాళ్ళు చెప్పిన పేర్లు చెప్పినట్టే, ఇంటి పేరూ గట్టూ వదలకుండా రాయండి. రాసుకున్నాక ఆ ఊరి పాస్టర్ గారి దగ్గరికి పోయి, ఈ వారం మేం చేయగలిగిన పని ఏమైనా ఉందా అని అడగండి. వాళ్ళ వరసలో మనం నిలబడే చోటు అక్కడే ఉంది.

జోహార్.